జిల్లా స్థాయి బాడీబిల్డింగ్ పోటీలు: ఒకే కుర్రాడికి రెండు చోట్ల రెండు స్థానాలు ఎందుకు వస్తాయి?

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాస్టారూ, విజయనగరంలో జరిగిన పోటీలో 65 కిలోల విభాగంలో నాకు మొదటి స్థానం వచ్చింది. మూడు వారాల తర్వాత శ్రీకాకుళంలో అదే విభాగంలో నాలుగో స్థానం ఇచ్చారు. విజయనగరంలో నా తర్వాత రెండో స్థానంలో ఉన్న కుర్రాడికి అక్కడ కూడా రెండో స్థానమే వచ్చింది. మొదటి స్థానం పోటీ పెట్టిన వాళ్ళ జిమ్ కుర్రాడికి వెళ్ళింది. జడ్జీలు అసలు ఏం చూస్తారు? మాలాంటి వాళ్ళకి న్యాయం జరుగుతుందా, లేక ఈ పోటీలు మానేయాలా?"

ముందు సూటిగా చెప్తాను తమ్ముడూ. మూడు వారాల్లో ఒకటో స్థానం నాలుగో స్థానం కావడం ఒక్కటే మోసానికి రుజువు కాదు. నిజాయితీగా జరిగిన రెండు పోటీల్లో కూడా ఇలా జరగొచ్చు. అయితే ఏ జడ్జి నీకు ఏ స్థానం వేశాడో చూపించమని అడగడం నీ హక్కు. అడిగినా చూపించని పోటీ న్యాయంగా జరిగిందని ఎవరు చెప్పినా నేను నమ్మను. పోటీలు మానేయక్కర్లేదు. కానీ ఏ పోటీకి వెళ్ళాలో, ఏ పోటీకి వెళ్ళకూడదో తెలుసుకోవాలి.

నేను విజయనగరంలో జిమ్ నడుపుతాను. మన రెండు జిల్లాల్లోనూ చాలా ఏళ్ళుగా జడ్జీగా కూర్చుంటున్నాను. కొన్నిచోట్ల స్కోర్లు కూడే బల్ల దగ్గర కూడా పనిచేశాను. అక్కడ కూర్చున్నాక నాకు ఒక విషయం బాగా అర్థమైంది. చెడ్డ జడ్జీ వల్ల నష్టపోయిన కుర్రాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ స్కోర్లు వేసే పద్ధతి సరిగ్గా లేక నష్టపోయిన వాళ్ళు వాళ్ళకంటే చాలా ఎక్కువ. పద్ధతి గట్టిగా ఉంటే పక్షపాతం ఉన్న జడ్జి కూడా పెద్దగా ఏమీ చేయలేడు. పద్ధతి లేకపోతే నిజాయితీపరుడు కూర్చున్నా ఫలితం తప్పుతుంది.

స్టేజీ మీద నువ్వు నిలబడ్డప్పుడు జడ్జి నీ ఒక్కడి శరీరానికి మార్కులు వేయడం లేదు. నిన్ను పక్కవాళ్ళతో పోల్చి వరుస కడుతున్నాడు. చాలామంది కుర్రాళ్ళు ఇది పట్టించుకోరు. విజయనగరంలో నువ్వు మొదటివాడివంటే, ఆ రోజు ఆ లైనప్‌లో మొదటివాడివి, అంతే. శ్రీకాకుళంలో టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం కుర్రాళ్ళు వస్తారు. ఓపెన్ పోటీ అయితే ఒడిశా నుంచి పర్లాకిమిడి, బరంపురం వాళ్ళు కూడా దిగుతారు. వాళ్ళలో ఇద్దరు నీకంటే బాగుంటే మూడో స్థానానికి జారిపోవడం మామూలే.

కానీ విజయనగరంలో నీ వెనక ఉన్న కుర్రాడు శ్రీకాకుళంలో నిన్ను దాటాడు కదా. దానికి లైనప్ కారణం కాదు. అక్కడ రెండు విషయాలు చూడాలి.

మొదటిది నీ కండిషన్. గెలిచిన వారం చాలామంది తిండి వదిలేస్తారు. బిర్యానీ, స్వీట్లు, ఇంట్లో పండగ. చర్మం కింద నీరు చేరితే పొట్ట మీద, తొడల మీద కటింగ్స్ (కండల మధ్య కనపడే గీతలు) మాయమవుతాయి. మూడు వారాల్లో మళ్ళీ దించాలని నీళ్ళు మానేస్తే కండ ఉబ్బెత్తుగా కాకుండా చదునుగా కనపడుతుంది. నువ్వు అద్దంలో రోజూ చూసుకుంటావు కాబట్టి నీకు తెలియదు. రెండు పోటీల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడు. ముఖ్యంగా వెనక నుంచి తీసినవి. నడుము కింది భాగం, తొడల వెనక భాగం ఎప్పుడూ అబద్ధం చెప్పవు.

రెండోది జడ్జీల మొగ్గు. కొందరు సైజు చూస్తారు, కొందరు కటింగ్స్ చూస్తారు, కొందరు పై శరీరానికీ కాళ్ళకీ పొంతన చూస్తారు. నియమాల ప్రకారం ఇవన్నీ కలిపి చూడాలి. కండ పరిమాణం, సిమెట్రీ (శరీర భాగాల పొంతన), కండిషన్ (కొవ్వు, నీరు తగ్గి కండ తేలడం), పోజులు ఇవ్వడంలో నేర్పు. ముందుగా పావు వంతు చొప్పున తిరుగుతూ నాలుగువైపులా చూపించే నాలుగు క్వార్టర్ టర్న్‌లు, తర్వాత ఏడు తప్పనిసరి పోజులు: ఫ్రంట్ డబుల్ బైసెప్స్, ఫ్రంట్ లాట్ స్ప్రెడ్, సైడ్ చెస్ట్, బ్యాక్ డబుల్ బైసెప్స్, బ్యాక్ లాట్ స్ప్రెడ్, సైడ్ ట్రైసెప్స్, చివరగా అబ్డామినల్స్ అండ్ థైస్. ఈ ఏడింటిలో రెండు పూర్తిగా వెనక నుంచి చూసేవి. మన కుర్రాళ్ళలో సగం మంది ముందు నుంచి గెలిచి వెనక్కి తిరగగానే ఓడిపోతారు. జడ్జి తప్పు కాదది.

జడ్జీల మొగ్గులో తేడా ఉంటే అది ఒక్కటే అన్యాయం కాదు. పోటీ మొదలవక ముందే జడ్జీలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఈ రోజు దేన్ని ఎలా చూస్తామో హెడ్ జడ్జి చెప్పకపోవడం అన్యాయం. జిల్లా పోటీల్లో ఆ మీటింగ్ దాదాపు జరగదు. ముఖ్య అతిథికి దండ వేయడానికి అరగంట దొరుకుతుంది కానీ దీనికి పది నిమిషాలు దొరకవు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, లెక్కకి. దీన్ని ఓపిగ్గా చదువు.

మన దగ్గర చాలాచోట్ల జడ్జీలు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు, వాటిని కూడి ఎక్కువ వచ్చినవాణ్ణి గెలిపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇలా అనుకో: ముగ్గురు జడ్జీలు, ఇద్దరు కుర్రాళ్ళు. ఒక జడ్జి మొదటి కుర్రాడికి 9, రెండో కుర్రాడికి 5 వేశాడు. మిగతా ఇద్దరు జడ్జీలూ రెండో కుర్రాడే బాగున్నాడని అతనికి ఏడున్నర చొప్పున, మొదటివాడికి 7 చొప్పున వేశారు. కూడితే మొదటివాడికి 23, రెండోవాడికి 20. ముగ్గురిలో ఇద్దరు రెండో కుర్రాడే మేలన్నా, కప్పు మొదటివాడి చేతికి వెళ్ళింది. మార్కుల మధ్య ఎక్కువ తేడా పెట్టిన ఒక్క జడ్జి మిగతా ఇద్దరి మాటనూ కొట్టేశాడు. అతను మోసగాడే కానక్కర్లేదు, చెయ్యి అలా అలవాటైనవాడు కావచ్చు. అందుకే బాడీబిల్డింగ్‌లో మార్కులు కాదు, స్థానాలు వేయాలి. ఒకటి, రెండు, మూడు. మొత్తం తక్కువ వచ్చినవాడు విజేత. అప్పుడు ఏ జడ్జి చేతిలోనూ మిగతావాళ్ళకంటే అంత ఎక్కువ బలం ఉండదు.

అది కూడా సరిపోదు. అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌బిబి పద్ధతిలో తొమ్మిది మంది జడ్జీలుంటే ప్రతి పోటీదారుడికీ వచ్చిన స్థానాల్లో పైనుంచి రెండు, కిందనుంచి రెండు కొట్టేస్తారు. జడ్జీలు తగ్గితే పైది ఒకటి, కిందిది ఒకటి. ఎందుకో ఒక ఉదాహరణ చూడు.

ఏడుగురు జడ్జీలు. ఒక కుర్రాడికి వచ్చిన స్థానాలు 1, 1, 2, 1, 5, 1, 2. అతనితో పోటీపడ్డ ఇంకో కుర్రాడికి అవే జడ్జీలు వరసగా 2, 2, 1, 2, 1, 2, 1 వేశారు. ఉన్నదున్నట్టు కూడితే మొదటి కుర్రాడికి 13, రెండో కుర్రాడికి 11. తక్కువ ఎవరిదైతే వాళ్ళే విజేత కాబట్టి రెండోవాడు గెలుస్తాడు. ఇప్పుడు ఒక్కొక్కరికీ అతి పెద్ద అంకె ఒకటి, అతి చిన్న అంకె ఒకటి కొట్టెయ్. మొదటి కుర్రాడికి 7, రెండోవాడికి 8. మొదటివాడే విజేత. నిజానికి ఏడుగురిలో నలుగురు అతన్నే ముందు పెట్టారు. ఐదో జడ్జి వేసిన ఆ ఒక్క '5' ఫలితాన్ని తిప్పేయబోయింది. అది కక్షతో వేశాడా, టేబుల్ మూల నుంచి సరిగ్గా కనపడక వేశాడా, మనకి అనవసరం. పద్ధతి దాన్ని పక్కకి తోసేసింది.

జడ్జీలు ముగ్గురే ఉంటే ఈ పని చేయలేవు. పైది, కిందిది తీసేస్తే మిగిలేది ఒక్కరి స్కోరే. జిల్లా పోటీలకి ఐదుగురు కనీసం ఉండాలని నేను ప్రతిచోటా పట్టుబడతాను. "అంతమందిని ఎక్కడి నుంచి తేగలం మాస్టారూ, భోజనాలు, బస్సు ఛార్జీలు ఎవరిస్తారు" అంటారు. డీజే సౌండుకి పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే సరిపోతుంది.

సమాన స్కోరు వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసి ఉండాలి. దీనికి మన ఊళ్ళ మనిషినే ఉదాహరణగా చెప్తాను. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె పైన ఉన్న ఇద్దరూ, చైనాకి చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన మార్కుస్, ఇద్దరూ సరిగ్గా 242.5 కిలోలే ఎత్తారు. అప్పటి నియమం ప్రకారం శరీర బరువు తక్కువున్న లిన్‌కి స్వర్ణం వెళ్ళింది. ఇప్పుడు ఆ నియమం మారింది, ఆ బరువు ముందు ఎత్తినవాళ్ళకి పైస్థానం. నియమం ఏదైనా కావచ్చు, బార్ ముట్టుకోకముందే అందరికీ తెలుసు. కిలోల్లో కొలిచే ఆటకే ఇంత ముందుచూపు కావాల్సి వచ్చింది. కంటితో చూసి తేల్చే మన ఆటకి ఎంత కావాలి? చాలాచోట్ల టై అయ్యాక, ఇద్దరు కుర్రాళ్ళూ స్టేజీ మీద నిలబడి ఉండగా, అప్పటికప్పుడు నియమం పుట్టిస్తారు. ఆ సమయంలో పుట్టే నియమం ఎవరికో ఒకరికి మేలు చేయడానికే పుడుతుంది.

నిర్వాహకుల జిమ్ కుర్రాడు గెలిచాడు అన్నావు. దీని మీద నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మనవి చిన్న ఊళ్ళు. శ్రీకాకుళంలో, విజయనగరంలో, బొబ్బిలిలో జిమ్‌లు నడిపేవాళ్ళం అందరం ఒకరికొకరం తెలుసు. ఒకరి దగ్గర నేర్చుకున్నవాడు ఇంకొకడి దగ్గర కోచ్ అవుతాడు. ఏ సంబంధమూ లేని జడ్జిని వెతకాలంటే దొరకడు. కాబట్టి సంబంధం ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు. నేను హెడ్ జడ్జీగా ఉన్నచోట ఒక కాగితం తిప్పుతాను. ఏ విభాగంలో తన శిష్యుడు గానీ, బంధువు గానీ, తన దగ్గర సప్లిమెంట్లు కొనే కుర్రాడు గానీ ఉన్నాడో జడ్జి రాసి సంతకం పెట్టాలి. ఆ విభాగానికి అతను లేచి పక్కన కూర్చోవాలి, స్టాండ్‌బై జడ్జి వస్తాడు. సప్లిమెంట్ల సంగతి ఎందుకంటే ఈ రోజుల్లో గురుశిష్య సంబంధం కంటే అదే బలమైనది. ప్రోటీన్ డబ్బాలు అమ్మే జడ్జికి తన కస్టమర్ స్టేజీ మీద ఉంటే అతనికి వెనక స్థానం వేయడానికి చెయ్యి తేలిగ్గా రాదు.

ఒకసారి ఒక పోటీలో ఒక జడ్జి ఈ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. "నా మీద నమ్మకం లేదా" అన్నాడు. నమ్మకం గురించి కాదు, పేపర్ గురించి అని ఎంత చెప్పినా వినలేదు. నిర్వాహకులు ఆయన్నే ఉంచి, నన్ను సర్దుకోమన్నారు. నేను ఆ రోజు జడ్జింగ్ చేయకుండా వచ్చేశాను. పట్టుదల అనుకున్నా సరే, ఏడాదంతా కోడిగుడ్లూ చికెనూ కొనడానికి మేస్త్రీ పనికి వెళ్ళే కుర్రాడు ఆ స్టేజీ ఎక్కుతాడు. వాడికి మనం ఇవ్వగలిగిందల్లా ఆ కాగితం మీద శుభ్రమైన అంకెలే.

నీ విషయంలో నిర్వాహకుల జిమ్ కుర్రాడు నిజంగానే అందరికంటే బాగుండి ఉండొచ్చు కూడా. సొంత ఊళ్ళో పోటీ కాబట్టి ప్రయాణం అలసట ఉండదు, ఇంటి తిండి, ఆ తేదీకే సరిగ్గా సిద్ధమై ఉంటాడు. స్కోరు షీటు చూడకుండా అతన్ని అనుమానించడం అతనికి అన్యాయం. ఈ మాట కూడా అంతే గట్టిగా చెప్తున్నాను.

జనం పెద్దగా మాట్లాడుకోని అన్యాయం ఒకటుంది, అది జడ్జీల బల్ల దగ్గర కాదు, బరువు తూచే చోట. 65 కిలోల విభాగమంటే 65 దాటకూడదు. 65.6 వచ్చిన కుర్రాణ్ణి "మనవాడే కదా, రానివ్వండి" అని రానిచ్చారంటే, నియమం పాటించాలని రెండు రోజులు కడుపు మాడ్చుకుని 64.9కి వచ్చిన కుర్రాడికి ద్రోహం చేసినట్టే. ఈ తక్కువ బరువు విభాగాల్లో అర కిలో తేడా స్టేజీ మీద కనపడుతుంది. ఒకే తూకం యంత్రం ఉండాలి, అది అందరికీ కనపడేలా ఉండాలి, బరువు పైకి చదివి రాయాలి, పోటీదారుడు సంతకం పెట్టాలి. రెండు యంత్రాలు పెట్టి ఒకటి తక్కువ చూపిస్తుందని తెలిశాక కుర్రాళ్ళంతా దానివైపే క్యూ కట్టడం నేను చూశాను. ఇంకో మాట: బరువు దించడానికి నీళ్ళు పూర్తిగా మానేయడం, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు మింగడం చాలా ప్రమాదం. ఒంట్లో లవణాలు తారుమారైతే గుండె లయ దెబ్బతింటుంది. కప్పు కోసం ఆ పని ఎప్పుడూ చేయొద్దు, ఎవరు చెప్పినా.

లైట్ల గురించి కూడా చెప్పాలి. మన పోటీలు చాలావరకు కల్యాణ మండపాల్లోనో, జాతరలప్పుడు బయట వేసిన స్టేజీల మీదనో జరుగుతాయి. సాయంత్రం వెలుగు ఉండగా తక్కువ బరువు విభాగాలు మొదలవుతాయి. ముఖ్య అతిథి రావడం, ఉపన్యాసాలు అయ్యేసరికి రాత్రి పది. పెద్ద విభాగాలు ఫోకస్ లైట్ల కింద జరుగుతాయి. పైనుంచి పడే లైటు కటింగ్స్‌ని చూపిస్తుంది, ఎదురుగా పడే లైటు వాటిని చంపేస్తుంది. ఒకే విభాగంలో ఉన్నవాళ్ళందరికీ ఒకటే లైటు కాబట్టి అక్కడ పెద్ద తేడా రాదు. కానీ చివర్లో అన్ని విభాగాల విజేతల్నీ కలిపి 'చాంపియన్ ఆఫ్ చాంపియన్స్' తేల్చేటప్పుడు, సాయంత్రం నాలుగింటికి పంప్ చేసుకుని (వ్యాయామంతో కండ ఉబ్బించుకుని) దిగిన 55 కిలోల కుర్రాడు అర్ధరాత్రికి మళ్ళీ ఎక్కాలి. వాడి టాన్ (ఒంటికి పూసుకున్న ముదురు రంగు) కారిపోయి ఉంటుంది, కండ వాడిపోయి ఉంటుంది. చిన్న విభాగాల కుర్రాళ్ళకి ఓవరాల్ టైటిల్ అరుదుగా రావడానికి సైజు ఒక్కటే కారణం కాదు.

లైన్లో ఎక్కడ నిలబెట్టారన్నది కూడా చూడాలి. జడ్జీల బల్ల స్టేజీకి సరిగ్గా మధ్యలో ఉండాలి, చివర కూర్చున్నవాళ్ళకి కూడా ఎదురుగా కనపడేంత దూరంలో ఉండాలి. మధ్యలో నిలబడ్డ కుర్రాళ్ళనే కళ్ళు ముందు పట్టుకుంటాయి. అందుకే కంపారిజన్లలో (కొందరిని ముందుకి పిలిచి పక్కపక్కన పోల్చేటప్పుడు) హెడ్ జడ్జి నంబర్లు పిలిచి స్థానాలు మార్పిస్తాడు, చివరివాణ్ణి మధ్యకి, మధ్యవాణ్ణి చివరికి. శ్రీకాకుళంలో నిన్ను మొదటి కంపారిజన్‌కి పిలిచారా? పిలిచి నీ స్థానం మార్చారా? ఇది గుర్తు చేసుకో. మొదటి పిలుపులో ఉన్నవాళ్ళే సాధారణంగా పై స్థానాలకి పోటీలో ఉన్నట్టు. నిన్ను పిలవనే లేదంటే, నీ స్థానం లైనప్‌లో ఒక్కసారి చూసి తేల్చేశారన్నమాట. అది అడగాల్సిన విషయం.

అనౌన్సర్ల గురించి ఒక్క మాట. "మిస్టర్ ఆంధ్రా విజేత, ఫలానా జిమ్ ఆణిముత్యం" అని మైకులో చెప్పి ఒక కుర్రాణ్ణి స్టేజీ మీదకి పిలిచాక జడ్జి కళ్ళు మామూలుగా ఉండవు. ఫలితాలకి ముందు స్థానాలు వేసే ప్రీ జడ్జింగ్‌లో నంబరు మాత్రమే పిలవాలి. పేర్లు, బిరుదులు ఫలితాలు వచ్చాక చెప్పుకోవచ్చు.

ఇంకో పెద్ద గందరగోళం మెన్స్ ఫిజిక్ విభాగం. ఇది బాడీబిల్డింగ్ కాదు. బోర్డ్ షార్ట్స్ వేసుకుంటారు కాబట్టి తొడలు చూడరు, ఏడు పోజులు ఉండవు, క్వార్టర్ టర్న్‌లే. భుజాలు వెడల్పుగా, నడుము సన్నగా, మొత్తం ఆకారం తీరుగా ఉండాలి. మరీ ఎక్కువ కండ ఉంటే అది లోపం కింద లెక్క. కానీ పాతకాలం జడ్జీలు చాలామంది కండ చూసి పెరిగినవాళ్ళు. కోడి రామ్మూర్తి నాయుడు గారు పనిచేసిన ఊరు మాది, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి కథలు వింటూ పెరిగాం. మాకు బలం, సైజు అంటే సహజంగానే మక్కువ. ఆ మక్కువతో మెన్స్ ఫిజిక్‌లో అందరికంటే పెద్దగా ఉన్నవాడికి మొదటి స్థానం వేసేస్తారు. తర్వాతి పోటీలో నియమం తెలిసిన జడ్జీలు కూర్చుంటే అదే కుర్రాడికి ఆరో స్థానం. రెండు బృందాల జడ్జీలూ నిజాయితీపరులే, కుర్రాడు మాత్రం పిచ్చెక్కిపోతాడు. నువ్వు ఎప్పుడైనా ఫిజిక్ వైపు వెళ్దామనుకుంటే ముందు ఆ పోటీలో జడ్జీలు ఎవరో కనుక్కో.

జడ్జి నిలకడగా ఉన్నాడో లేదో తెలుసుకునే మార్గం ఉంది. కొత్తగా జడ్జీలవుతామని వచ్చేవాళ్ళకి నేను పెట్టే పరీక్ష ఇది. పాత పోటీ వీడియో ఒకటి, మొహాలు తెలియనివాళ్ళది, చూపించి పది మందికి స్థానాలు వేయమంటాను. కాగితం నా దగ్గర ఉంచుకుంటాను. కొన్ని రోజులయ్యాక అదే లైనప్ ఫోటోలు వరుస మార్చి మళ్ళీ చూపిస్తాను. మొదటి మూడు స్థానాల్లో వేరే మనుషులు వచ్చారంటే అతనికి ఇంకా శిక్షణ కావాలి. ఏడో స్థానం, ఎనిమిదో స్థానం తారుమారైతే ఏం పర్వాలేదు, మధ్యలో ఉన్నవాళ్ళ మధ్య నిజంగానే తేడా తక్కువ. తనతో తనే ఏకీభవించని జడ్జి పక్కవాడితో ఎలా ఏకీభవిస్తాడు? చాలామంది ఈ పరీక్షకి నొచ్చుకుంటారు. నొచ్చుకోకుండా కూర్చున్నవాళ్ళే తర్వాత మంచి జడ్జీలయ్యారు.

పోటీ అయ్యాక కూడా ఒక లెక్క చేయొచ్చు. ప్రతి జడ్జి వేసిన స్థానానికీ, చివరికి వచ్చిన స్థానానికీ ఎంత తేడా ఉందో రాసి కూడాలి. ఐదుగురిలో నలుగురి తేడా నాలుగో ఐదో ఉండి ఒక్కరిది పద్దెనిమిది వచ్చిందంటే ఆ ఒక్కరితో మాట్లాడాలి. ఒక్కసారి వస్తే కారణం ఏదైనా కావచ్చు. ప్రతి పోటీలోనూ, అదీ ఒకే జిమ్ కుర్రాళ్ళ విషయంలోనే వస్తుంటే కారణం ఏంటో ఎవరికైనా తెలుస్తుంది.

పుషప్స్, స్క్వాట్స్ లెక్కపెట్టే కాలేజీ ఫిట్‌నెస్ పోటీల్లో ఈ గొడవ ఉండదనుకుంటారు. అక్కడ ఇంకో రకం. ఛాతీ ఎంత కిందకి రావాలి, మోచేతులు పూర్తిగా చాపాలా అన్నది ముందు చూపించకపోతే ఒక జడ్జి లెక్కపెట్టే అరవై, ఇంకో జడ్జి లెక్కపెట్టే నలభై ఒకటే. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్‌కి నడుము మడత మోకాలి పైభాగం కంటే కిందకి దిగాలని రాసిపెట్టారు, ముగ్గురు రెఫరీల్లో ఇద్దరు ఒప్పుకోవాలి. అలాంటి గీత ఏదో ఒకటి ఉండాలి.

ఇప్పుడు నువ్వేం చేయాలో చెప్తాను.

ముందు స్కోరు షీటు అడుగు, మర్యాదగా, రాతపూర్వకంగా. "నాకు అన్యాయం జరిగింది" అని మొదలుపెట్టొద్దు. "నా లోపాలు తెలుసుకోవాలి, 65 కిలోల విభాగం స్కోరు షీటు చూపించండి" అని అడుగు. జడ్జీల పేర్లు చెప్పకపోయినా ఏ, బి, సి అని రాసి ఇవ్వొచ్చు, నాకు అభ్యంతరం లేదు. షీటు వచ్చాక చూడాల్సింది నీ వరుసలోని అంకెల మధ్య దూరం. 4, 4, 3, 4, 5 అని ఉంటే ఐదుగురూ నిన్ను ఒకేలా చూశారు, తీర్పు నిలకడగా ఉంది, నీ శరీరం మీద పని చెయ్. 1, 2, 7, 1, 8 అని ఉంటే ఆ బృందం కలిసి పనిచేయలేదు. పెన్సిల్‌తో రాసి ఉన్నా, కొట్టివేతల పక్కన సంతకం లేకపోయినా ఆ షీటుకి విలువ లేదు.

అభ్యంతరం చెప్పాలంటే ఆ రోజే, అక్కడే చెప్పాలి. ఇది మన ఊళ్ళ సంగతే కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో కొరియాకి చెందిన యాంగ్ టే యంగ్‌కి ప్యారలల్ బార్స్‌లో ప్రారంభ విలువ (ఆ విన్యాసానికి రాగల గరిష్ఠ మార్కు) 10కి బదులు 9.9గా వేశారు. ఆ పదో వంతు కలిపితే స్వర్ణం అతనిది, దక్కింది కాంస్యం. పొరపాటు జరిగిందని ఒప్పుకుని జడ్జీలను సస్పెండ్ చేశారు కూడా. అయినా ఫలితం మారలేదు. క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం అతని అప్పీలును కొట్టేసింది, అభ్యంతరం సమయానికి పెట్టలేదన్నది అందులో పెద్ద విషయం. నువ్వు మూడు వారాల తర్వాత వాట్సాప్‌లో పెడితే ఎవరూ ఏమీ చేయలేరు. నీ కోచ్ హెడ్ జడ్జి దగ్గరికి వెళ్ళి, తర్వాతి విభాగం మొదలయ్యే లోపు అడగాలి. స్టేజీ మీద మెడల్ విసిరేయడం, మైకు లాక్కోవడం చేస్తే మాత్రం నీ మాట న్యాయమైనా నీకే బహిష్కారం పడుతుంది. మంచి కుర్రాళ్ళు అలా రెండేళ్ళు పోగొట్టుకోవడం చూశాను.

తర్వాతి పోటీకి ఎంట్రీ ఫీజు కట్టేముందు ఫోన్ చేసి నాలుగు విషయాలు కనుక్కో. జడ్జీలు ఎంతమంది? మార్కులా, స్థానాలా? పైదీ కిందిదీ కొట్టేస్తారా? స్కోర్లు బోర్డు మీద పెడతారా? నాలుగింటికీ సరిగ్గా సమాధానం చెప్పలేని చోటికి ఫీజు కట్టకు. కుర్రాళ్ళు రావడం తగ్గితే నిర్వాహకులు వాళ్ళంతట వాళ్ళే మారతారు. ఇద్దరు ముగ్గురు మారడం నేను చూశాను. ఒకచోటైతే స్కోర్లు ఫోటో తీసి అప్పటికప్పుడే స్టేజీ పక్కన గోడకి అంటించడం మొదలుపెట్టారు. ఆ ఏడాది అక్కడ ఒక్క గొడవా జరగలేదు. ఓడిన కుర్రాళ్ళు కూడా గోడ దగ్గర నిలబడి అంకెలు చూసుకుని, ఏ జడ్జి ఎందుకు వేశాడో వెళ్ళి అడిగి తెలుసుకున్నారు.

డ్రగ్స్ టెస్టుల గురించి నువ్వు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. జిల్లా పోటీల్లో టెస్టులు చేయడం అరుదు, ఖర్చు ఎక్కువ. అది లేనంత కాలం పూర్తి న్యాయం అని ఎవరం అనలేం. ఆ విషయం వేరేగా, వివరంగా రాయాలి.

షీటు దొరికితే జడ్జీల పేర్లు, కుర్రాళ్ళ పేర్లు తీసేసి అంకెలు మాత్రం ఇక్కడ పెట్టు. రెండు పోటీల ఫోటోలు కూడా, వెనక నుంచి తీసినవి తప్పకుండా. ఈలోగా మూడో పోటీకి తొందరపడొద్దు. కనీసం రెండు నెలలు మామూలుగా తిను, నిద్రపో, కాళ్ళ మీద పని చెయ్.